కట్టిన చెయ్యే విప్పాలి

ఈమధ్య చిత్తూరులో పిల్లల క్రికెట్ పోటీలకు బహుమతులు ఇవ్వడానికి నన్ను పిలిచారు. నా ఆట కళ్ళతో చూసినవాళ్ళు అక్కడ ఇద్దరో ముగ్గురో ఉండి ఉంటారు. మిగతావాళ్ళంతా విన్నవాళ్ళే. మైకు ముందు నిలబడ్డ పెద్దమనిషి నా గురించి చాలా మంచి మాటలు చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఒక పల్లెటూరి కట్ల వైద్యుడి చేతకానితనం వల్ల మన జిల్లా ఒక గొప్ప ఆటగాణ్ణి పోగొట్టుకుంది" అన్నాడు. జనం జాలిగా తలలూపారు. నా మెడలో బంతిపూల దండ ఉంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ చెయ్యి మోచేతి కింద వంకర. అందరూ దానివైపే చూశారు. నేను లేచి ఒక్క మాట అనలేదు.

ఆ మాట నాకు కొత్త కాదు. బస్సుల్లో విన్నాను, పెళ్ళి పందిళ్ళలో విన్నాను, నా ఎదుటే నా బంధువులు కొత్తవాళ్ళకు చెప్తుంటే విన్నాను. విన్నప్పుడల్లా ఊరుకున్నాను. ఊరుకోవడం కూడా ఒక చాకిరీయే. చేసి చేసి అలిసిపోయాను. ఆ వైద్యుడు కట్టిన కట్టు సరైన కట్టు. దాన్ని విప్పుకున్నది నేను. విప్పడంలో ఆయన చెయ్యి లేదు. ఇది చెప్పాలంటే నా ఆట సంగతి కొంత చెప్పాలి.

మా నాయన చిత్తూరు కోర్టులో బంట్రోతు. నన్ను మిషన్ బడిలో చేర్పించాడు. అక్కడ అమెరికా నుంచి వచ్చిన ఒక అయ్యవారు ఉండేవారు. సాయంత్రాలు మాకు ఆయన దేశపు ఆట ఒకటి నేర్పేవారు. దాన్ని బేస్‌బాల్ అంటారు. గుండ్రటి కర్ర, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉంటుంది. దాన్ని భుజం మీదికి ఎత్తి పట్టుకుని, వచ్చిన బంతిని నడుము తిప్పి అడ్డంగా కొట్టాలి. గడ్డి కుక్కిన గోనెసంచులు నాలుగు మూలలా వేసి, వాటి మధ్య పరుగెత్తించేవారు. నేను దూరంగా విసరగలనని నన్ను మైదానం చివర నిలబెట్టేవారు. బంతి నా దాకా వచ్చేది ఎప్పుడో ఒకసారి. వచ్చేదాకా ఎండలో కళ్ళు చికిలించుకుని నిలబడాలి. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక అయ్యవారు వెళ్ళిపోయారు. ఆయనతో పాటే ఆ ఆటా వెళ్ళిపోయింది. నా నడుములో ఆ తిప్పు మాత్రం మిగిలింది.

క్రికెట్టులో ఆ తిప్పు తప్పు. బ్యాటు నిటారుగా రావాలని తెలిసినవాళ్ళు చెప్పేవారు. నేను భుజం మీదినుంచి అడ్డంగా తిప్పేవాణ్ణి. తగిలితే బంతి చింతచెట్లు దాటేది, తగలకపోతే వెనక కర్రలు లేచిపోయేవి. జనానికి రెండూ ఇష్టమే. నాకు 'దుడ్డుకర్ర' అని పేరు పెట్టారు.

ఆ పేరు విని చిత్తూరులో మామిడికాయల మండీ పెట్టుకున్న ఒక సాహుకారు నన్ను పిలిపించాడు. ఆయనకు సొంతంగా ఒక జట్టు ఉండేది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారులకు ఒక జట్టు ఉంటే తనకెందుకు ఉండకూడదని పెట్టుకున్నాడు.

"నీకు పనేమీ లేదప్పా," అన్నాడు. "గుమాస్తా అని పేరుకు ఉంటావు. నెల జీతం ఇస్తా. నువ్వు కొట్టు, అంతే. ఒకటీ రెండూ పరుగులు నాకొద్దు, అవి తీసేదానికి వేరేవాళ్ళు ఉండారు. నువ్వు నిలబడినావంటే బంతి మళ్ళీ కనపడగూడదు."

ఆట ఆడి బతికేవాళ్ళు మా వైపు అప్పట్లో ఎవరూ లేరు. మా నాయనకు చెప్తే చాలాసేపు ఆలోచించి, "ఆట అయిపోయినాక జీతం ఇస్తాడా, ఆడతా ఉన్నప్పుడేనా?" అని అడిగాడు. నేను నవ్వాను. అది ఎంత మంచి ప్రశ్నో అప్పుడు తెలియలేదు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనక ఒక పెద్ద డ్రమ్ము, దానికింద నిప్పు. ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్ళం. తిరుపతిలో ఆడాలన్నా, పుత్తూరులో ఆడాలన్నా మసి పట్టిన బట్టలతో దిగేవాళ్ళం. దిగిన గంటలో బ్యాటు పట్టుకోవాలి. మొదటి ఏడాది అదంతా పండగలాగా ఉండేది. తర్వాత ఒళ్ళు పట్టు తప్పడం మొదలైంది. నేను ఒక బంతిని వదిలేస్తే జనం అరిచేవారు. నిలదొక్కుకుందామని రెండు బంతులు ఆపితే, "జీతం తీసుకునేది ఆపేదానికా?" అని అడిగేవారు. ఒకరోజు జ్వరంతో ఆడాను. అవుటై వస్తుంటే మైదానం సగం ఖాళీ అయింది. వాళ్ళు వచ్చింది నా కోసం, పోయిందీ నా వల్లే. ఆ రోజు నుంచి నేను ఆటగాణ్ణి అనుకోవడం తగ్గించాను. బండికి కట్టిన ఎద్దును అనుకున్నాను.

మా జట్టు బంతి వేసేటప్పుడు నా చోటు ఎప్పటిలాగే మైదానం చివర. నా వెనక గీత, గీత వెనక ఎడ్లు విప్పిన బండ్లు, బండ్ల మీద జనం. వాళ్ళలో మండీకి కాయలు దించే మనిషి ఒకడు ప్రతి ఆటకూ వచ్చేవాడు. వయసులో నాకంటే కొంచెం పెద్ద. చెట్టెక్కితే కొమ్మ కదలనివ్వడని పేరు. మామిడి కాపు లేని రోజుల్లో అతనికి పని నన్ను ఏడిపించడం.

"ఏమప్పా దుడ్డుకర్రా, ఈ పొద్దన్నా సింతసెట్టు దాటిస్తావా, లేకుంటే నేను ఎండకు మాడిందంతా వేస్టేనా?"

"నువ్వు పొయ్యి కాయలు దించుకోపో."

"కాసినప్పుడు దించుతా లేప్పా. ఇప్పుడు నీ కాయ యాడ పడతాదో సూద్దామని వచ్చినా."

ఒకసారి తేలిక బంతి ఒకటి నా చేతుల్లోంచి జారిపోయింది. అతను బండి మీద లేచి నిలబడి, "నేల తగిలిన కాయకు ధర లేదప్పా! మా మండీలో అయితే కూలి కోస్తారు!" అని కేక పెట్టాడు. మైదానమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఏళ్ళన్నిటిలో ఆటస్థలంలో నేను మనసారా నవ్వింది అతని మాటలకే.

చెయ్యి విరిగింది కూడా అతని కళ్ళ ముందే. చిత్తూరులో తిరుపతి జట్టుతో ఆట. బంతి బాగా ఎత్తుకు లేచింది. నేను దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి పరుగెత్తాను. గీత దగ్గర కుడిచేత్తో పట్టుకున్నాను. పట్టుకుని వెనక ఉన్న బండి నొగ మీద ఎడమ చెయ్యి కింద పెట్టి పడ్డాను.

"పట్టినాడు! పట్టినాడు!" అని అరిచింది అతనే. వెంటనే గొంతు మారిపోయింది. "ఒరే, ఆటుండనీండ్రా, చెయ్యి సూడండి!"

మామిడి తోటల వాళ్ళకు ఎముకలు విరగడం కొత్త కాదు. ప్రతి కాపులోనూ ఎవరో ఒకరు చెట్టు మీదినుంచి పడతారు. పడ్డవాళ్ళను మా మండీ నుంచి పుత్తూరు అవతల ఒక చిన్న పల్లెకు పంపేవారు. పెద్ద పేరున్న ఇల్లు కాదది. ఒక ముసలాయన, ఆయన కొడుకు, ఇంటి ముందు అరుగు, అంతే. కాయలు దించే మనిషి నన్ను బస్సెక్కించి, పుత్తూరులో దింపి, అక్కడినుంచి బండి మాట్లాడి తీసుకుపోయాడు. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. తన రెండు చేతులూ ఆ ముసలాయన కట్టినవేనని, కావాలంటే చూడమని చొక్కా పైకి లాగి చూపించాడు.

ముసలాయన నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతూ అడిగాడు. "ఏం పని సేస్తావు నాయనా?"

"ఆట ఆడతాను."

"ఆట సరే. పని?"

"అదే పని. దానికే జీతం."

ఆయన కొడుకువైపు తిరిగి, "ఒరే, ఈయప్పకు ఆడేదానికి కూలి ఇస్తారంట రా!" అన్నాడు. కొడుకు పసరు నూరడం ఆపి నన్ను చూశాడు. "ఇరిగేదానికి గూడా ఇస్తారేమో అడుగు నాయనా, మనం గూడా పోదాం" అన్నాడు. వాళ్ళు నవ్వుతుండగానే ముసలాయన చేతులు ఎముకను లాగి కూర్చోబెట్టేశాయి. నేను అరిచేలోగా పని అయిపోయింది.

ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, దాని మీద వెదురు దబ్బలు, దారం. కట్టి ముగించాక ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ ఉన్నదున్నట్టు గుర్తుంది.

"మూడు కట్లు నాయనా. మొదటి రెండూ నొప్పి తగ్గేదానికి. మూడోది ఎముక ముదిరేదానికి. నొప్పి పొయ్యింది గదా అని మూడో కట్టు ఇప్పుకుంటారు తిక్కోళ్ళు. కట్టిన చెయ్యే ఇప్పాల. వేరే చెయ్యి ఇప్పితే నేను కట్టనట్టే."

ఎంత ఇచ్చుకోవాలని అడిగితే చెయ్యి ఊపాడు. ఆ ఇంటి పద్ధతి అది. కట్టినప్పుడు ఏమీ తీసుకోరు. చివరి కట్టు తన చేత్తో విప్పి, చెయ్యి ఆడించి చూసి, అప్పుడు తాంబూలం, కొబ్బరికాయ, ఒక పంచె తీసుకుంటారు. ఎముక అతకకపోతే తాంబూలం లేదు.

రెండో కట్టుకు పోయాను. మూడో కట్టుకూ పోయాను. అప్పటికి మామిడి బాగా పూతమీద ఉంది. ముసలాయన కట్టు బిగించి, "పూత రాలి పిందె పడినాక రా. అంతకు ముందు రావాకు," అన్నాడు.

పూత ఇంకా రాలలేదు. తిరుపతిలో గూడూరు నిమ్మకాయల జట్టుతో ఆట ఏర్పాటైంది. మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడని తెలిసింది. అక్కడ ఒక కంపెనీ జట్టుకు కొట్టేవాడు కావాలట. నచ్చితే ఉద్యోగం ఇస్తారట, ఆట పోయినా ఉద్యోగం పోదట. మా నాయన అడిగిన ప్రశ్నకు అన్నాళ్ళకు జవాబు దొరికిందనుకున్నాను.

నన్ను మండీ సాహుకారే బలవంతంగా ఆడించాడని కూడా కొందరు అంటారు. అదీ అబద్ధమే. ఆయన, "కట్టు ఇప్పేదాకా వద్దులేప్పా. ఒక ఆట పోతే పోనీ," అన్నాడు. కాస్త బాధగానే అన్నాడు గానీ, అన్నాడు.

నొప్పి లేదు. వేళ్ళు కదులుతున్నాయి. ఆటకు ముందురోజు మధ్యాహ్నం, మండీ వెనక నా గదిలో, వేణ్ణీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డుసొన గట్టిపడిన గుడ్డ నానలేదు. కాయలు కోసే కొడవలి మొన దారపు ముళ్ళ కిందికి దూర్చి ఒక్కొక్కటీ తెంచాను. వెదురు దబ్బలు నేల మీద పడ్డాయి. లోపలి చెయ్యి పాలిపోయి, సన్నబడి, ఆకు వాసన వేస్తూ ఉంది. అది నా చెయ్యిలా అనిపించలేదు. పిడికిలి బిగించి చూశాను. బిగిసింది. అంతే చాలనుకున్నాను.

సాహుకారు చూసి, "అప్పుడే ఇప్పినాడా ముసిలోడు?" అని అడిగాడు.

"ఇప్పినాడన్నా. బాగా అతికిందన్నాడు."

"పుత్తూరికి ఎప్పుడు పోయినావు?"

"పొద్దున బస్సుకు."

తిరుపతిలో ఆ రోజు నేను కొట్టిన మొదటి బంతి జనం నెత్తిమీదుగా పోయింది. చెయ్యి బాగానే ఉంది. నా మనసు అప్పటికే మద్రాసులో ఇల్లు వెతుక్కుంటోంది. ఆ తర్వాత వచ్చిన బంతిని ఇంకా గట్టిగా తిప్పాను. బంతి తగిలింది. చెరుకుగడ విరిచినప్పటి లాంటి చప్పుడు ఒకటి, బయటికి కాదు, నా లోపల వినబడింది. బ్యాటు కింద పడిపోయింది.

ఆ పెద్దమనిషి సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. ఆసుపత్రిలో పిండికట్టు వేశారు. ఎముక అప్పటికే నుజ్జయింది, వాళ్ళు చెయ్యగలిగింది వాళ్ళు చేశారు. సాహుకారు మంచం పక్కన నిలబడి ఊగిపోయాడు. "కట్టేది రానోడు ఏల కట్టాల? పూత మీదుండంగా ఇప్పేస్తాడా? నువ్వు సెప్పప్పా, ఆయనేనా ఇప్పింది?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు మళ్ళీ దొరకలేదు. "ఆయనేనన్నా," అన్నాను.

ఆ కోపంతో సాహుకారు మండీలో అందరికీ ఒకటే మాట చెప్పేశాడు. మన తోటల్లో పడినవాణ్ణి ఇకమీద ఆ గడపకు తీసుకుపోకూడదని. మా మండీకి జిల్లాలో ఎన్నో ఊళ్ళనుంచి బండ్లు వచ్చేవి. బండి తోలేవాళ్ళు కాయలతో వచ్చి మాటతో పోయారు. ప్రతి ఊళ్ళోనూ నా చెయ్యి గుర్తుగా పనికొచ్చింది. "దుడ్డుకర్ర చెయ్యి సూడలేదా?" అంటే చాలు.

నేను మండీలో నిజంగా గుమాస్తానయ్యాను. సాహుకారు నన్ను వెళ్ళగొట్టలేదు. రెండేళ్ళ తర్వాత, కాపు మధ్యలో, కాయలు దించే మనిషి తోతాపురి చెట్టు మీదినుంచి పడ్డాడు. కాలు విరిగింది. అతన్ని పుత్తూరువైపు తీసుకుపోలేదు. ఇంట్లోనే పడుకోబెట్టి ఎవరో తెలిసీ తెలియక ఏదో కట్టారు. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది. కాలు పొట్టిదైపోయింది. చెట్టెక్కే మనిషి కింద కూర్చుని గంపల్లో గడ్డి పరిచి కాయలు పేర్చే పనికి దిగాడు. నా బల్లకు ఎదురుగానే అతని చోటు.

కుంటుతూ వచ్చిన మొదటి రోజు నా వైపు చూసి నవ్వాడు. "నేల తగిలిన కాయకు ధర లేదంటిని గదప్పా. నా మాటే నాకు తగిలింది."

నేను లెక్కల పుస్తకం తెరిచాను.

"మా ఆడది ముసిలోని కాడికే పోదామనింది," అన్నాడు గడ్డి దులుపుతూ. "నేనే వద్దంటి. నీ చెయ్యి నా కండ్లతో సూసినోణ్ణి గదా."

ఆ రోజు కూడా చెప్పలేదు. ఏళ్ళ తరబడి అతని ఎదుట కూర్చున్నాను. అతను కాయలు పేర్చాడు, నేను లెక్కలు రాశాను. సాహుకారు పోయాడు, జట్టు ఎప్పుడో పోయింది. మేమిద్దరం మిగిలాం.

బహుమతుల సభ అయిన మర్నాడు మండీకి పోయి అతని పక్కన గడ్డిలో కూర్చున్నాను. అన్నీ చెప్పాను. వేణ్ణీళ్ళ తొట్టి, కొడవలి, ఆసుపత్రి మంచం. అతను గంప నిండేదాకా కాయలు పేరుస్తూనే ఉన్నాడు. చివరి కాయ పెట్టి, పైన గడ్డి కప్పి, "ముసిలోనికి సెప్పినావా?" అన్నాడు.

"లేదు."

"మొదట ఆడికి పో. నా కాలు యాడికీ పోదులే."

పంచె, కొబ్బరికాయ, ఆకువక్కలు కొనుక్కుని పుత్తూరు బస్సెక్కాను. ఆ పల్లెకు ఇప్పుడు రోడ్డు ఉంది. అరుగు అలాగే ఉంది. దాని పక్కన చిక్కుడు తీగకు పందిరి వేశారు. దగ్గరికి పోయి చూస్తే, పందిరికి కట్టినవి చెయ్యి పొడవున చీల్చి నునుపు చేసిన వెదురు దబ్బలు. ముసలాయన పోయి చాలా ఏళ్ళైందట. కొడుకు తల నెరిసింది. నన్ను కాదు, నా చేతిని గుర్తుపట్టాడు.

ఆయనకూ చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. అంత ఓపిక ఆయనలో కనిపించలేదు.

"మేము ఇప్పలేదని మాకు తెలుసు గదప్పా," అన్నాడు. "సెప్పినాం గూడా. మండీ సామి మాట ముందర మా మాట ఎవరింటారు? బండ్లు రావడం నిలిసిపాయె. నేను సిత్తూరికి వచ్చి నిన్ను పట్టుకుని అడుగుతానంటే మా నాయన పోనియ్యలేదు. 'వద్దురా, ఆయప్పే వచ్చి సెప్తాడులే' అనేవాడు. పూత రాలి పిందె పడినప్పుడల్లా ఈ అరుగు మీద కూసుని దోవ సూసేవాడు. పోయేదాకా."

నా చెయ్యి తీసుకుని వేళ్ళతో తడిమాడు. "అప్పుడే వచ్చుంటే మా నాయన మళ్ళీ ఇరిసి కట్టుండేవాడు. ఇప్పుడు ముదిరిపోయింది. ఏం సెయ్యలేం."

నేను పంచె మీద తాంబూలం పెట్టి ఆయన ముందుంచాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"ఇది ఇప్పిన చేతికి ఇచ్చేది. మా నాయన ఇప్పలేదు గదా, ఎట్ల తీసుకుంటా? తీసుకుంటే ఆయనే ఇప్పినట్టు అయిపోతాది." అరుగు మీదినుంచి లేచి, "ఆకలైతే అన్నం తిని పో" అన్నాడు.

తినలేకపోయాను. తాంబూలం తిరిగి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కొబ్బరికాయ ఇంకా మా ఇంట్లోనే ఉంది. దాన్ని ఎవరినీ కొట్టనివ్వడం లేదు.

నా ఆట గురించి ఎవరైనా మాట్లాడితే ఇకమీద ఇది కూడా చెప్పండి. దుడ్డుకర్ర తన కట్టు తానే తెంచుకున్నాడని, కట్టినాయన తప్పు లేదని. ఆ పల్లెలో ఆయన కొడుకు ఇప్పటికీ ఉన్నాడు. వచ్చేవాళ్ళు లేక కట్టడం లేదుగాని, చేతులకు పని తెలుసు. మళ్ళీ కాపు వస్తోంది. ఎవరో ఒకరు పడతారు. పడినవాణ్ణి అక్కడికి తీసుకుపోండి. మూడో కట్టు మాత్రం ఆయన్నే విప్పనివ్వండి.